కైసరు లెక్కలో వంకర వాదములు
(ఈ నెల అధ్యయన పాఠము)

పఠింపవలసిన భాగములు: మత్తయి 17:24–27; మత్తయి 22:15–22; లూకా 19:1–10; అపొస్తలుల కార్యములు 25:6–12; రోమా 13:1–7.



మన కాగజ్‌నగర్ పేరులోనే కాగితమున్నది. నిజాము ప్రభుత్వ కాలమున వెలసిన కాగితపు మిల్లును బట్టి ఈ ఊరికి ఆ పేరు వచ్చినది. ఆ మిల్లు 2014లో మూతపడినప్పుడు ఎన్ని కుటుంబములు కన్నీరు విడిచినవో, 2018లో మరల తెరువబడినప్పుడు ఎన్ని కుటుంబములు దేవుని స్తుతించినవో మనము ఎరుగుదుము. కాగితము తయారు చేయు ఊరివారమైన మనకు కాగితము మీద వ్రాసినదాని విలువ వేరొకరు చెప్పనవసరము లేదు. వ్రాసినది చెరిగిపోదు. ఒకనాడు దానికి లెక్క అప్పగింపవలసి వచ్చును.

ఈ నెల ఆదాయపు పన్ను రిటర్నును గూర్చి, అందులో కొందరు వ్రాయు వింత వాదములను గూర్చి, దాని మీద జరిమానా నోటీసు వచ్చినప్పుడు విశ్వాసి నడుచుకొనవలసిన తీరును గూర్చి ధ్యానింతము. ఇది సంఘ పత్రికలో చెప్పదగిన మాటయా అని కొందరు అడుగవచ్చును. మన సంఘములలో ఉపాధ్యాయులున్నారు, బొగ్గు గనుల పనివారున్నారు, మిల్లు పనివారున్నారు, రైల్వేవారున్నారు, నర్సులున్నారు. నోటీసు చేతికి వచ్చిన దినమున వారిలో అనేకులు మొదట వచ్చునది పాస్టరు గారి ఇంటికే. కావున పాస్టరు గారును సంఘ పెద్దలును ఈ సంగతి కొంత తెలిసియుండుట మంచిది.

1. వాడుకలోనున్న వాదములు

మొదటి వాదము: “నా జీతములో దేవుని పాలు నాది కాదు. నాది కానిదానికి నేను పన్ను ఏల కట్టవలెను?”

ఈ వాదము మన దేశములో అత్యున్నత న్యాయస్థానము వరకు వెళ్లినది. తమిళనాడు, కేరళ రాష్ట్రములలో ప్రభుత్వ సహాయము పొందు పాఠశాలలలో పనిచేయు కథోలిక సన్యాసినులకును గురువులకును ప్రభుత్వము జీతమిచ్చుచున్నది. వారు పేదరికపు వ్రతము పూనినవారు గనుక ఆ జీతమును తమ మఠమునకో మేత్రాసనమునకో అప్పగింతురు. 1944లో వెలువడిన ఒక సర్క్యులరును ఆధారము చేసికొని చాల కాలము ఆ జీతములలో పన్ను కోయలేదు. 2014 డిసెంబరులో కోయవలెనని ఆదేశము రాగా వారు కోర్టుకు వెళ్లిరి. మద్రాసు హైకోర్టులో ఒక న్యాయమూర్తి వారికి అనుకూలముగా తీర్పు చెప్పెను. 2019 మార్చిలో అదే హైకోర్టు ధర్మాసనము ఆ తీర్పును త్రోసివేసెను. తుదకు 2024 నవంబరు 7న సుప్రీం కోర్టు తొంబది మూడు పిటిషనులను కొట్టివేసి, జీతము ఆ వ్యక్తికే చెల్లింపబడుచున్నది గనుక పన్ను కోయుట న్యాయమే అని నిర్ణయించినది.

ఇందలి సూక్ష్మమును మన పల్లె భాషలో చెప్పుకొందము. వాగు నీరు మన చెరువులోనికి రాకముందే పై కాలువకు మళ్లింపబడినయెడల అది మన నీరు కాదు. చెరువులో చేరిన తరువాత మనమే తూము తీసి పొరుగు పొలమునకు వదలినయెడల అది మన చెరువు నీరే, దానమిచ్చినవారము మనమే. 1961లో సీతల్‌దాస్ తీరథ్‌దాస్ అను నతని వ్యాజ్యములో సుప్రీం కోర్టు ఈ భేదమునే చెప్పినది. కోర్టు డిక్రీ ప్రకారము అతడు భార్యాబిడ్డలకు మనోవర్తి చెల్లించెను. అయినను ఆ సొమ్ము మొదట అతని ఆదాయముగా చేరి పిమ్మట ఖర్చయినదే గాని అతనికి చేరకముందు మళ్లిపోయినది కాదని కోర్టు నిర్ణయించినది.

మన దశమ భాగమును అట్టిదే. అది దేవునిదని మనము నమ్ముచున్నాము. ఆ నమ్మకము నిజము. అయితే లెక్క పుస్తకములో అది మొదట మన చేతికి వచ్చిన జీతము. మన చేతికి రానిదైతే మనము దానిని అర్పించితిమని చెప్పుకొనుట ఎట్లు?

రెండవ వాదము: “మేము గిరిజనులము, ఏజన్సీ ప్రాంతమువారము. మాకు పన్ను లేదు.”

ఇది మన ఆసిఫాబాదు, ఆదిలాబాదు సీమలలో ఉద్యోగములలోనున్న గోండు, కోలాము సోదరులు తరచుగా వినుచుండు మాట. 1961 ఆదాయపు పన్ను చట్టములో 10వ సెక్షను 26వ ఖండము షెడ్యూల్డు తెగలవారికి మినహాయింపు ఇచ్చిన మాట వాస్తవమే. కాని అది ఈశాన్య రాష్ట్రములలోని నిర్ణీత ప్రాంతములలోను లడాఖ్‌లోను నివసించువారికి మాత్రమే, ముఖ్యముగా అక్కడ పుట్టిన ఆదాయమునకు వర్తించును. రాజ్యాంగపు ఐదవ షెడ్యూలులోనున్న మన ప్రాంతమునకు అది వర్తింపదు. ఈ మినహాయింపు మనకును కావలెనని శాసన సభ్యులకు, పార్లమెంటు సభ్యులకు విన్నపము పంపుట న్యాయము. లేని మినహాయింపును ఉన్నదని రిటర్నులో వ్రాయుట న్యాయము కాదు.

బొగ్గు గని కార్మికులకు ఆదాయపు పన్ను తీసివేయవలెనని సింగరేణి కార్మిక సంఘములు ఎంతో కాలముగా కోరుచున్నవి. భూమి అడుగున ప్రాణములకు తెగించి పనిచేయువారి కోరిక అది. కోరిక చట్టమగు వరకు రిటర్ను చట్టము ప్రకారమే వ్రాయవలెను.

మూడవ వాదము: “ఇదంతయు పంట సొమ్మే.”

వ్యవసాయపు ఆదాయమునకు కేంద్ర ఆదాయపు పన్ను లేదు. పత్తి పండించిన రైతు ఆ పంట అమ్మిన సొమ్మునకు భయపడనవసరము లేదు. కాని వడ్డీ వ్యాపారపు సొమ్మును, దుకాణపు లాభమును, ఇతరుల పత్తి కొని అమ్మిన లాభమును “పంట” అని వ్రాయువారున్నారు. రెండెకరములలో ఇరువది యెకరముల దిగుబడి చూపినయెడల ఆ భూమియే సాక్ష్యము పలుకును.

నాలుగవది వాదము కూడ కాదు, వట్టి అబద్ధము. ఉండని ఇంటికి అద్దె, ఇయ్యని విరాళము, తీసికొనని విద్యా ఋణము, లేని రోగము వ్రాసి, కోసిన పన్నును తిరిగి రప్పించెదమని తిరుగు ఏజెంటులున్నారు. వచ్చిన సొమ్ములో పాలు వారికి, సంతకము మనది. 2025 జూలై 14న ఆదాయపు పన్ను శాఖ ఇట్టివారిపై దేశమంతట సుమారు 150 చోట్ల సోదాలు ప్రారంభించినది. అంతకు ముందు నాలుగు నెలలలోనే సుమారు 40,000 మంది తమ రిటర్నులు సరిచేసికొని, 1,045 కోట్ల రూపాయల తప్పుడు మినహాయింపులను తామే ఉపసంహరించుకొనిరని శాఖ ప్రకటించినది. అందులో ఇంకొక మాటయు ఉన్నది: కొందరు ఏజెంటులు తాత్కాలికపు ఈమెయిలు చిరునామాలు సృష్టించి రిటర్నులు వేసి, పిమ్మట వాటిని వదలివేయుదురు. కావున నోటీసులు ఎవరును చదువక పడియుండును. చదువని నోటీసు గడువు కూడ గడిచిపోవును. ప్రియులారా, మీ ఖాతాలోని ఫోను నంబరును ఈమెయిలును మీవేనా? ఈ వారమే చూచుకొనుడి.

మన పిల్లలనేకులు అమెరికాలో ఉద్యోగములు చేయుచున్నారు గనుక అక్కడి సంగతి కూడ చెప్పుట మంచిది. జీతము ఆదాయము కాదనియు, పన్ను ఇష్టమున్నవారు కట్టునదనియు బోధించువారు ఆ దేశములో చిరకాలముగా ఉన్నారు. జీతము ఆదాయము కాదని వాదించిన జాన్ చీక్ అను విమాన చోదకుని వ్యాజ్యములో 1991లో అక్కడి సుప్రీం కోర్టు తీర్పు చెప్పినది. చట్టము నిజముగా అర్థము కాక పొరబడినవానిని ఉద్దేశపూర్వకముగా ఎగవేసినవాడని అనరాదనియు, పన్ను చట్టమే చెల్లదను స్వంత అభిప్రాయము మాత్రము రక్షింపదనియు చెప్పి మరల విచారణకు పంపినది. రెండవ విచారణలో అతడు దోషిగా తేలెను. ఆధారము లేని ఇట్టి వాదములతో రిటర్ను వేసినవారికి విధించు జరిమానాను 2006లో చేసిన చట్టము 500 డాలర్ల నుండి 5,000 డాలర్లకు పెంచినది. అక్కడ స్నేహితులు పంపిన పుస్తకము చదివి మన బిడ్డలు మోసపోకుండునట్లు వారికి తెలియజేయుడి.

2. లేఖనము ఏమి నేర్పుచున్నది?

మత్తయి 22వ అధ్యాయములో పరిసయ్యులును హేరోదీయులును ప్రభువును చిక్కుపరచవలెనని పన్ను ప్రశ్న తెచ్చిరి. ఆయన దేనారము తెప్పించి దానిమీది రూపమును చూపించెను. కైసరు నాణెము సంచిలో ఉంచుకొని, కైసరు బాటలలో నడిచి, కైసరు సంతలో అమ్మి కొని, కైసరుతో మాకేమి పొత్తు అనుట కపటమని ఆయన బయలుపరచెను. అయితే ఆయన మాట అంతటితో ముగియలేదు. నాణెము మీద కైసరు రూపమున్నట్లు మనుష్యుని మీద దేవుని రూపమున్నది. కావున మన మనస్సాక్షి కైసరుది కాదు, ఏజెంటుదియు కాదు; దేవునిది.

మత్తయి 17వ అధ్యాయము మన పాఠమునకు మరింత దగ్గరగా ఉన్నది. దేవాలయపు అరషెకెలు అడిగినప్పుడు ప్రభువునకు న్యాయమైన వాదమున్నది. రాజు కుమారులు పన్ను కట్టరు; ఆయన ఆ ఆలయపు యజమానుని కుమారుడు. ఆ వాదమును ఆయన పేతురునకు స్పష్టముగా చెప్పెను. అయినను ఇతరులకు అభ్యంతరము కలుగకుండునట్లు చేప నోటిలోని షెకెలుతో ఇద్దరి పన్నును చెల్లింపజేసెను. వాదము కలిగియుండుట పాపము కాదు. తన వాదము గెలుచుటకంటె ఎదుటివాని మేలు గొప్పదని ప్రభువు నేర్పెను. గెలువదగిన వాదమున్నవాడే చెల్లించెను. గెలువలేని వాదమున్న మనమెంత!

జక్కయ్య పన్ను వసూలు చేయువాడు. రక్షణ అతని ఇంటికి వచ్చిన దినమున అతడు మొదట మాటలాడినది లెక్కను గూర్చియే. అన్యాయముగా తీసికొనినది నాలుగంతలు మరల చెల్లింతునని ఎవరును నోటీసు పంపకముందే ఒప్పుకొనెను. నోటీసు రాకముందు సరిదిద్దుకొనుటకును, వచ్చిన తరువాత సరిదిద్దుకొనుటకును దేవుని దృష్టిలో మాత్రమే కాదు, చట్టము దృష్టిలోను భేదమున్నది. దానిని ముందు చూతుము.

3. అన్యాయపు పన్నును ఎదిరింపరాదా?

ఇది న్యాయమైన ప్రశ్న. మన సీమలోనే పశువుల మేతకు బంబ్రాం, వంటచెరకునకు దూపపెట్టి అను పన్నులు విధింపగా కొమరం భీము గోండులతో కలిసి నిజాము అధికారులను ఎదిరించి 1940లో జోడేఘాట్‌లో ప్రాణము విడిచెను. 1921లో చీరాల–పేరాల ప్రజలు మునిసిపాలిటీ పన్నుల భారమునకు ఓర్వలేక దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి నాయకత్వమున ఊరే విడిచి పాకలలో కాపురముండిరి. గుంటూరు జిల్లా పెదనందిపాడులో 1921–22లో పర్వతనేని వీరయ్య చౌదరి గారి నాయకత్వమున రైతులు శిస్తు కట్టక జప్తులకు ఓర్చుకొనిరి.

వీరి త్రోవ విశ్వాసికి తగునా తగదా అని పెద్దలలో భిన్నాభిప్రాయములుండవచ్చును. ఒక సంగతి మాత్రము నిశ్చయము. వారెవరును దాచలేదు. బహిరంగముగా కాదనిరి, దాని ఫలమును తమ శరీరముల మీదను తమ ఆస్తుల మీదను భరించిరి. సన్యాసినులును తమ వాదమును కోర్టులో బహిరంగముగా వినిపించి, తీర్పు వచ్చువరకు పదియేండ్లు నడిచిరి. కాని దొంగ రసీదు జతపరచి రిఫండు తీసికొనువాడు ఎదిరించువాడు కాడు, దాగువాడు. అతనిని కొమరం భీముతో పోల్చుకొనుట ఆ వీరునికి అవమానము.

4. చట్టము జరిమానాను కొలుచు తీరు

1961 చట్టము స్థానములో 2025లో చేసిన క్రొత్త ఆదాయపు పన్ను చట్టము 2026 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది. సెక్షను అంకెలు మారినవి. దానికి పూర్వపు సంవత్సరముల రిటర్నులకు 1961 చట్టమే వర్తించును గనుక ఇప్పుడు వచ్చు నోటీసులలో చాలవరకు పాత అంకెలే ఉండును.

ఆ చట్టపు 270ఏ సెక్షను రెండు విధములైన తప్పులను వేరుపరచుచున్నది. ఆదాయము తక్కువగా చూపినయెడల, తప్పించిన పన్నులో 50 శాతము జరిమానా. నిజమును మరుగుపరచినను, తప్పుగా చెప్పినను, ఆధారము లేని ఖర్చు వ్రాసినను, దొంగ లెక్క చూపినను ఆ పన్నుకు 200 శాతము జరిమానా.

ఒక ఉపాధ్యాయుడు దొంగ విరాళము వ్రాసి 20,000 రూపాయల పన్ను తప్పించుకొనెను అనుకొందము. పట్టుబడిన దినమున ఆ 20,000 కట్టవలెను. 200 శాతము చొప్పున 40,000 జరిమానా కట్టవలెను. నెలకు ఒక శాతము చొప్పున వడ్డీ వేరు. ఏజెంటు తీసికొన్న పాలు తిరిగి రాదు. ఇరువది వేల ఆశకు అరువది వేలకు పైబడిన అప్పు.

అదే ఉపాధ్యాయుడు నోటీసు రాకముందే తానుగా సరిదిద్దిన రిటర్ను వేసినయెడల ఏమగును? పన్నును వడ్డీని కట్టి, వాటి మీద అదనముగా, మదింపు సంవత్సరము ముగిసిన పిమ్మట ఒక సంవత్సరము లోపలనైతే 25 శాతము, రెండేండ్ల లోపలనైతే 50, మూడేండ్ల లోపలనైతే 60, నాలుగేండ్ల లోపలనైతే 70 శాతము కట్టవలెను. ఆ సంవత్సరమును గూర్చి విచారణ మొదలు కాకముందే ఇది చేయుట మేలు. జక్కయ్య త్వరపడి దిగివచ్చుటలో ఎంత జ్ఞానమున్నదో చూడుడి.

ఇంకొక మేలైన నియమము కలదు. పన్ను చెల్లింపువాడు సంగతులన్నిటిని దాచక తెలిపి, తన వివరణ నిజాయితీతో కూడినదని చూపగలిగినయెడల, అతని వాదము ఓడిపోయినను ఆ మొత్తమును తక్కువ చూపిన ఆదాయముగా లెక్కింపరు. అనగా పన్ను కట్టవలెను గాని జరిమానా తప్పును. వెలుగులో పెట్టిన వాదమునకును చీకటిలో పెట్టిన వాదమునకును చట్టమే భేదము చూపుచున్నది.

5. నోటీసు వచ్చినప్పుడు చేయవలసినవి

మొదటిది, నోటీసు నిజమైనదేనా చూడుడి. 2019 అక్టోబరు 1 నుండి ఆదాయపు పన్ను శాఖ పంపు కాగితము ప్రతిదానికి ఒక గుర్తింపు సంఖ్య ఉండవలెనని నియమము. శాఖ వారి పోర్టలులో ఆ సంఖ్యను సరిచూచుకొనవచ్చును. ఫోనులో బెదిరించి డబ్బు పంపుమనువాడు అధికారి కాడు.

రెండవది, అది ఏ సంవత్సరమును గూర్చినది, ఏ సెక్షను క్రిందిది, గడువు ఎన్నడు అను మూడు సంగతులు ఎర్ర సిరాతో గుర్తించుడి. జరిమానా వేయుటకు ముందు మీ మాట వినవలెనని చట్టము చెప్పుచున్నది. కావున “ఎందుకు జరిమానా వేయరాదు” అని అడుగు కాగితము తీర్పు కాదు, మీకిచ్చిన అవకాశము. మౌనముగా ఉన్నవాని పక్షమున ఎవరును మాటలాడరు. గడువు చాలనియెడల ఇంకను కొన్ని దినములు కావలెనని వ్రాసి అడుగుడి.

మూడవది, రిటర్ను నకలు తెచ్చుకొని ప్రతి పంక్తిని పరీక్షించుకొనుడి. ఏజెంటు ఏమి వ్రాసెనో అనేకులు నోటీసు వచ్చిన తరువాతనే మొదటిసారి చూచుచున్నారు. నిజమైన మినహాయింపులకు రసీదులు వెదకుడి. అబద్ధమైనవానిని సమర్థించుటకు క్రొత్త రసీదు పుట్టింపకుడి. మొదటి అబద్ధమునకు జరిమానా. రెండవదానికి జైలు కూడ రావచ్చును.

నాలుగవది, జవాబు చిన్నదిగాను మర్యాదగాను వ్రాయుడి. నోటీసు అడిగిన ప్రశ్నకే ఉత్తరమియ్యుడి. ప్రభుత్వము ధర్మముగా నడుచుచున్నదా లేదా అను ప్రసంగము అందులో వద్దు. వాక్యములు వ్రాసి అధికారిని గద్దింపవద్దు. ఆ అధికారి రోమా 13వ అధ్యాయము చదివినవాడైనయెడల మనకే సిగ్గు. తప్పు జరిగినయెడల “ఈ మొత్తము తప్పుగా చూపబడినది, పన్ను, వడ్డీ ఈ చలానుతో చెల్లించితిమి” అని వ్రాయుట చాలును.

ఐదవది, జరిమానా నుండి విముక్తి కోరు దారి కలదు. మదింపు ఉత్తర్వు అందిన నెల ముగిసిన పిమ్మట ఒక నెలలోగా, పన్నును వడ్డీని పూర్తిగా కట్టి, ఆ ఉత్తర్వు మీద అప్పీలు చేయకుండ 270ఏఏ సెక్షను క్రింద 68వ ఫారములో దరఖాస్తు పెట్టుకొనవచ్చును. ఇది 50 శాతపు తరగతి తప్పునకు ఏర్పరచిన దారి; నిజమును మరుగుపరచినవారికి ఆ సెక్షను మొదట ఈ దారి తెరువలేదు.

ఆరవది, ఉత్తర్వు అన్యాయమని మీ మనస్సాక్షియు మీ కాగితములును చెప్పినయెడల అప్పీలు చేయుడి. ముప్పది దినములలోగా కమిషనరు ఎదుట అప్పీలు వేయవచ్చును. రుసుము వేయి రూపాయలకు మించదు. పౌలు అన్యాయపు విచారణకు తలవంచలేదు. తాను మరణమునకు తగినది చేసియుంటే మరణమునకు వెనుదీయననియు, ఆ నేరారోపణ నిజము కానియెడల తనను ఎవరును అప్పగింపజాలరనియు చెప్పి కైసరు న్యాయపీఠమునకు అప్పీలు చేసికొనెను. ఆ మాటలో రెండు పాళ్లున్నవి: దోషమున్నయెడల శిక్షకు ఒప్పుకొనుట, దోషము లేనియెడల హక్కును విడువకుండుట. మొదటి పాలు లేని రెండవ పాలు విశ్వాసికి తగదు.

అప్పీలు నడచుచున్నంత కాలము మొత్తమంతయు కట్టలేనివారు, సాధారణముగా వివాదపు పన్నులో 20 శాతము చెల్లించి మిగిలినదానిని ఆపవలెనని అడుగవచ్చును. వాయిదాలలో కట్టుటకును విన్నవించుకొనవచ్చును. బంగారము కుదువబెట్టి వడ్డీవ్యాపారి వద్దకు పరుగెత్తుటకు ముందు ఈ విన్నపము చేసికొనుడి. రాజు పన్ను కొరకు పొలములు కుదువబెట్టినవారి మొర నెహెమ్యా గ్రంథము 5వ అధ్యాయములో చదువుకొనవచ్చును.

6. సంఘమునకును పాస్టరులకును ఒక మాట

మార్చి నెలలో కొందరు పాస్టరు గారి వద్దకు వచ్చి, “అయ్యగారూ, వేయి రూపాయలు ఇచ్చితిమి, పదివేలకు రసీదు వ్రాయుడి” అని అడుగుట కలదు. అడుగువాడు సంఘ పెద్ద కావచ్చును, మందిరపు గోడకు సిమెంటు ఇచ్చినవాడు కావచ్చును. కాదనుట కష్టమే. అయినను కాదనవలెను. ఆ రసీదు మీద సంఘము ముద్ర ఉండును. ఆ ముద్ర క్రీస్తు నామమును మోయుచున్నది.

ఈ విషయములో చట్టమును తెలిసికొనుట మంచిది. 1961 చట్టపు 80జి క్రింద మినహాయింపు, ఆ సెక్షను క్రింద అనుమతి పొందిన ధర్మ సంస్థలకిచ్చిన విరాళములకే ఉన్నది. కేవలము ఆరాధన కొరకు, ఒక మతస్థుల మేలు కొరకు మాత్రమే ఉన్న సంస్థకు సాధారణముగా ఆ అనుమతి రాదు. కావున ఆదివారపు కానుకకును దశమ భాగమునకును పన్నులో తగ్గింపు కోరుట చాలవరకు కుదురదు. రెండు వేల రూపాయలకు మించిన నగదు విరాళమునకు అనుమతి పొందిన సంస్థలోనైనను తగ్గింపు లేదు. 2021–22 నుండి ఆ సంస్థలు దాతల పట్టికను శాఖకు పంపవలెను గనుక దొంగ రసీదు తెలిసిపోవుటకు చాల కాలము పట్టదు. క్రొత్త పన్ను విధానమును ఎన్నుకొన్నవారికి ఈ తగ్గింపే లేదు. అయితే ఆ విధానములో 2025–26 ఆర్థిక సంవత్సరమునకు 12 లక్షల రూపాయల వరకు మామూలు ఆదాయము గలవారు కట్టవలసిన పన్నే లేదు. మనలో అనేకులు ఆ హద్దు లోపలివారే. అవసరము లేని అబద్ధము చెప్పి ఆత్మను అమ్ముకొనుట ఎంత విచారము!

కానుక ప్రతిఫలము కొరకు ఇచ్చినది కాదు. పన్నులో తగ్గింపు రాలేదని కానుక తగ్గించువాడు, తాను ఎవరికి ఇచ్చుచున్నాడో ఒకసారి ఆలోచించుకొనవలెను.

ఇంకొక సంగతి. నోటీసు వచ్చిన సహోదరుని సంఘము వెలివేసినట్లు చూడరాదు. సిగ్గుచేత అతడు మందిరమునకు రాకపోవచ్చును. అతని ఇంటిలో రాత్రులు నిద్ర ఉండకపోవచ్చును. అతని ఇంటికి వెళ్లుడి. లెక్కలు తెలిసిన యువకుని వెంట తీసికొని పోవుడి. నమ్మదగిన ఆడిటరు ఎవరో చెప్పుడి. ప్రభువు జక్కయ్య ఇంటికి వెళ్లెను గాని దూరమునుండి జక్కయ్యను వేలెత్తి చూపలేదు. ఆయన ఆ ఇంటికి వెళ్లినందుననే ఆ లెక్క సరియాయెను.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. మత్తయి 17వ అధ్యాయములో ప్రభువునకు న్యాయమైన వాదముండినను ఏల చెల్లించెను? మనము హక్కును ఎప్పుడు అడుగవలెను, ఎప్పుడు విడువవలెను?

2. సన్యాసినుల వ్యాజ్యమునకును దొంగ రసీదునకును గల భేదమేమి?

3. గత సంవత్సరపు రిటర్నును మీరే చదివితిరా? అందులో ప్రతి పంక్తి క్రింద సంతోషముగా సంతకము చేయగలరా?

4. మన సంఘములో నోటీసు భయముతో ఒంటరిగా ఉన్న కుటుంబమున్నదా? ఈ వారము వారియొద్దకు ఎవరు వెళ్లుదురు?

ప్రార్థనాంశములు: ఉద్యోగస్థులైన విశ్వాసుల నిజాయితీ కొరకు, పన్ను అధికారులు పక్షపాతము లేక న్యాయము తీర్చునట్లు, అప్పులలో చిక్కిన కుటుంబముల విడుదల కొరకు, మన మిల్లులలోను గనులలోను పొలములలోను కష్టించువారి కూలి కష్టమునకు తగినదై యుండునట్లు.

సమస్త లెక్కలను చూచు దేవుడు మన చిన్న లెక్కలలోను మనలను నమ్మకమైనవారిగా కాపాడును గాక. ఆమేన్.